పని వాకిలి ఎందుకు తెరుచుకోవడం లేదు?

(ముస్లిం యువజనుల ఉపాధి సమస్యలపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

 

పేదవాడికి పని చేయాలన్న తలంపు ఉండదు, చదువుకున్నా శ్రమించడు అనే మాట మన సమాజంలో చాలాకాలంగా చలామణిలో ఉంది. ఆ మాట అనేవారు ఒక్కసారి ఫజ్ర్ నమాజు వేళకు మన బస్తీలకు రావాలి. అజాన్ వినిపించేసరికే తోపుడు బండ్లు మార్కెట్టు దారి పట్టి ఉంటాయి. కూలి అడ్డాలో తాపీ పనివారు, రంగులు వేసేవారు, బరువులు మోసేవారు మేస్త్రీ పిలుపు కోసం నిలబడి ఉంటారు. ఇంటి లోపల తల్లులు జర్దోజీ చట్రం ముందో, బీడీ ఆకుల చాట ముందో కూర్చొని ఉంటారు. దేశంలో అత్యధికంగా శ్రమించేది పేదవాడే. ఆ శ్రమకు నిలకడ లేదు, గుర్తింపు లేదు, రేపటికి భరోసా లేదు. ఇదీ మన సమస్య.

పని దొరకకపోవడం వల్ల పేదరికం వస్తుందని అందరూ ఒప్పుకుంటారు. పేదరికమే పని దొరకకుండా చేస్తుందన్న సంగతిని మాత్రం చాలామంది గమనించరు. ఈ రెండవ విషయాన్ని వివరించడానికే నేను మీ ముందు నిలుచున్నాను.

గొడ్డలి చెప్పే పాఠం

అబూదావూద్ హదీసు గ్రంథంలో ఒక ఉదంతం ఉంది. మదీనాకు చెందిన ఒక నిరుపేద అన్సారీ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి సహాయం అర్థించాడు. నీ ఇంట్లో ఏమున్నదని ప్రవక్త (స) ప్రశ్నించారు. సగం పరుచుకొని సగం కప్పుకొనే ఒక గుడ్డ, నీళ్లు తాగే ఒక పాత్ర ఉన్నాయని అతడు చెప్పాడు. వాటిని తెప్పించి, అక్కడే వేలం వేసి, రెండు దిర్హములు సమకూర్చారు. ఒక దిర్హముతో ఇంటివారికి ఆహారం, మరొక దిర్హముతో గొడ్డలి కొనుక్కు రమ్మన్నారు. గొడ్డలి తెచ్చాక స్వహస్తాలతో దానికి పిడి అమర్చి, కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల వరకు తనకు కనిపించవద్దని చెప్పి పంపారు. అతడు తిరిగి వచ్చేనాటికి పది దిర్హములు సంపాదించుకొని ఉన్నాడు.

యాచన కన్నా శ్రమ మేలని బోధించడానికి ఈ ఉదంతాన్ని మన ప్రసంగాల్లో తరచూ ఉదాహరిస్తారు. ఆ బోధ సరైనదే. అయితే ఇందులోని క్రమాన్ని కూడా పరిశీలించాలి. వెళ్లి పని చూసుకో అని ఆ పేదవాణ్ణి ఉత్త చేతులతో పంపలేదు. మొదట ఆ పూటకు అన్నం ఏర్పాటైంది. తరువాత పనిముట్టు వచ్చింది. పనిముట్టుకు పిడి అమరింది. ఏ పని చేయాలో సలహా దొరికింది. నిలదొక్కుకోవడానికి పదిహేను రోజుల వ్యవధి లభించింది. ఈ అయిదింటిలో ఏ ఒక్కటి లోపించినా అతడు మళ్లీ చేయి చాచవలసివచ్చేది. ఈనాటి మన యువకునికి వీటిలో ఎన్ని అందుతున్నాయో చూద్దాం.

వెతుకులాటకూ పెట్టుబడి కావాలి

మొదటిది, ఆ పూట అన్నం. ఉద్యోగం వెతుక్కోవడానికి కూడా డబ్బు కావాలి. దరఖాస్తు రుసుము, నెట్ సెంటరు ఖర్చు, ఫొటోలు, జిరాక్సులు, పరీక్షా కేంద్రానికి రానుపోను చార్జీలు, ఇంటర్వ్యూకు ఒక మంచి చొక్కా. వీటికి తోడు పోగొట్టుకున్న రోజు కూలి. మధ్యతరగతి కుటుంబంలోని బిడ్డ డిగ్రీ పూర్తిచేసి రెండేళ్లు శిక్షణ కేంద్రంలో కూర్చోగలడు, ఆ రెండేళ్లు తండ్రి పోషిస్తాడు. పంక్చరు షాపు నడిపే తండ్రికి ఆ స్తోమత లేదు. కాబట్టి అతని కుమారుడు మొదట దొరికిన పనికే తల వంచుతాడు. మంచి పని కోసం ఆగడం అతనికి అందని సౌకర్యం.

దీనికి తోడు నివాసం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో 31 శాతం పట్టణాల్లో నివసిస్తుండగా ముస్లింలలో దాదాపు 40 శాతం పట్టణవాసులు. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం గ్రామీణ కుటుంబాలకే వర్తించేలా రూపొందింది. పట్టణ పేదకు పని హామీ ఇచ్చే దేశవ్యాప్త చట్టం నేటికీ లేదు. పట్టణంలో ఉన్నా పని ఉన్న చోటు దూరమే. హైదరాబాదు మెట్రో రెండవ మార్గాన్ని జూబ్లీ బస్ స్టేషను నుండి ఫలక్‌నుమా వరకు తలపెట్టారు. 2020 ఫిబ్రవరిలో అది మహాత్మాగాంధీ బస్ స్టేషను వద్ద ఆగిపోయింది. పాతబస్తీ భాగానికి శంకుస్థాపన 2024 మార్చిలో గాని జరగలేదు. ఐటీ సంస్థలు పడమట వెలిశాయి, మన బస్తీలు దక్షిణాన ఉన్నాయి. రెండు బస్సులు మారి, మూడు గంటలు ప్రయాణంలో పోగొట్టుకొనే ఆడపిల్లను ఆ కుటుంబం ఎంతకాలం ఉద్యోగానికి పంపగలదు? తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. ఒక అడ్డంకి తొలగడానికి ఒక నిర్ణయం చాలునని దీనివల్ల తెలుస్తున్నది.

పనిముట్టు, అప్పు

రెండవది పనిముట్టు. 2006 నవంబరులో ప్రభుత్వానికి సమర్పించిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక ఒక వాస్తవాన్ని నమోదు చేసింది. ముస్లిం శ్రామికుల్లో దాదాపు 61 శాతం స్వయం ఉపాధిపై ఆధారపడినవారే. హిందూ శ్రామికుల్లో ఇది 55 శాతం. ఇంతమంది సొంత పనిపై బ్రతుకుతుంటే వారికి అన్నిటికన్నా అవసరమైనది బ్యాంకు రుణం. అదే నివేదిక మరొక సంగతి చెప్పింది. కొన్ని బ్యాంకులు ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలను రుణాలివ్వకూడని ప్రతికూల ప్రాంతాలుగా గుర్తించుకున్నాయట. దరఖాస్తుదారుని నిజాయితీని, వ్యాపారాన్ని చూడకముందే అతని వీధి పేరు చూసి దరఖాస్తును పక్కన పెట్టడమన్నమాట.

బ్యాంకు తలుపు మూసుకున్నవాడు నూటికి మూడు, నాలుగు రూపాయల నెల వడ్డీకి అప్పు చేస్తాడు. రోజువారీ ఫైనాన్సు వద్ద అంతకన్నా ఎక్కువే. ఉదయం బండి మీద పండ్లు పేర్చినవాడు సాయంత్రానికి వడ్డీ కోసమే అమ్మినవాడవుతాడు.

ఇక 2023 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన విశ్వకర్మ పథకాన్ని చూడండి. చేతివృత్తుల వారికి పనిముట్ల కోసం 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతలుగా 3 లక్షల రూపాయల వరకు రుణం ఇస్తారు. ఇందులో 18 వృత్తులున్నాయి. దర్జీలు, మంగలి పనివారు, తాళాలు చేసేవారు, తాపీ పనివారు, రాళ్లు కొట్టేవారు అర్హులే. మనవారిలో వేలాదిమందికి ఇది ఉపయోగపడుతుంది, దరఖాస్తు చేయించే బాధ్యత మనది. అయితే ఆ జాబితాలో దూది ఏకే వృత్తి లేదు. తెలుగు నేల మీద తరతరాలుగా దూదేకి, పరుపులు కుట్టి బ్రతికిన నూర్‌బాషా సోదరుల వృత్తిని యంత్రాలు, ఫోము పరుపులు దెబ్బతీశాయి. తరతరాల చేతివృత్తులను ఆదుకుంటామనే పథకంలో వారికి చోటు దక్కకపోవడాన్ని మనం ప్రశ్నించాలి.

పిడి లేని గొడ్డలి

మూడవది నైపుణ్యానికి గుర్తింపు. ఎనిమిదవ తరగతిలో బడి మానిన పిల్లవాడు మెకానిక్ షెడ్డులో ఉస్తాద్ దగ్గర చేరుతాడు. పదేళ్లు గడిచేసరికి శబ్దం విని ఇంజనులో లోపం చెప్పగలవాడవుతాడు. కాని పెద్ద షోరూములో ఉద్యోగానికి వెళ్తే ఐటీఐ సర్టిఫికెట్టు ఏదని అడుగుతారు. అతని వద్ద విద్య ఉంది, దానికి సాక్ష్యం లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద శిక్షణ పొందేవారికి స్టైపెండు ఉంది, చివర గుర్తింపు పత్రం ఉంది. ఉస్తాద్ షెడ్డులో ఈ రెండూ లేవు. ప్రభుత్వ నైపుణ్యాభివృద్ధి పథకంలో, ముందే పని నేర్చినవారిని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటు ఉంది. ఆ పరీక్షకులు మన మెకానిక్ షెడ్ల వీధికి ఎన్నిసార్లు వచ్చారో మీరే చెప్పండి.

చదువు మధ్యలో ఆగకుండా చూడడం దీనికి మూలం. 2001 లెక్కల ప్రకారం ముస్లింల అక్షరాస్యత 59.1 శాతమని, దేశ సగటు 64.8 శాతమని సచార్ కమిటీ చూపింది. తెలంగాణలో 2016 తరువాత 204 మైనారిటీ గురుకుల పాఠశాలలు వెలిశాయి. ఇది ఆహ్వానించదగిన పరిణామం. మరోవైపు 2022లో కేంద్రం ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు మైనారిటీ విద్యార్థులకిచ్చే ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని నిలిపివేసింది. మన పిల్లలు బడి మానివేసేది సరిగ్గా ఆ తరగతుల్లోనే.

ఉర్దూ మాధ్యమంలో చదివినవారి కష్టం వేరు. ఉర్దూ ఉపాధ్యాయ పోస్టులు ప్రకటిస్తారు. రోస్టరు ప్రకారం ఎస్సీ, ఎస్టీ వర్గాలకు కేటాయించిన ఉర్దూ పోస్టులకు ఆ మాధ్యమంలో చదివిన అభ్యర్థులు లభించక అవి నోటిఫికేషను తరువాత నోటిఫికేషనులో ఖాళీగా మిగులుతున్నాయి. ఒకవైపు శిక్షణ పొందిన నిరుద్యోగులు, మరోవైపు గురువు లేని తరగతి గది. దళిత, గిరిజన సోదరుల వాటాకు నష్టం కలగకుండా, వారికి ఇతర మాధ్యమాల్లో అన్ని పోస్టులు ఇచ్చి, ఈ ఖాళీలను భర్తీ చేయవచ్చు. ప్రభుత్వం సంకల్పిస్తే ఇది పరిష్కారం లేని చిక్కుముడి కాదు.

కాగితాల గోడ

నాలుగవ అడ్డంకి కాగితం. మన యువకుల ధ్రువపత్రాలు ముందు పెట్టుకొని చూడండి. బడి రికార్డులో ఇంటిపేరు ‘ఎస్.కె.’ అని, ఆధార్‌లో ‘షేక్’ అని, రేషన్ కార్డులో ఇంటిపేరే లేకుండా ఉంటుంది. తండ్రి పేరు ఒకచోట వలీ, మరొకచోట వలి. అధికారి దృష్టిలో వీరు ముగ్గురు మనుషులు. దరఖాస్తు గడువు ముగిసేలోగా ఈ ముగ్గురినీ ఒక్కరుగా నిరూపించుకోవడం కూలి చేసుకొనేవాడి తరం కాదు.

కుల ధ్రువీకరణ పత్రం సంగతీ అంతే. సామాజికంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు విద్యలో, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషను కల్పిస్తూ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. పి.ఎస్. కృష్ణన్ నివేదిక దానికి ఆధారం. అచ్చుకట్లవాండ్లు, అత్తరు సాయిబులు, ఫకీరు, హజామ్, లబ్బీ, ఖురేషీ, షేక్, సిద్దీ, తురక కాశ మొదలైన 14 వర్గాలు బీసీ-ఇ జాబితాలో ఉన్నాయి. నూర్‌బాషా, దూదేకుల వారు బీసీ-బిలో ఉన్నారు. 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. అదే ఏడు మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు నీడలో ఈ రిజర్వేషను కొనసాగుతున్నది. దీనివల్ల డాక్టర్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు అయినవారు మన మధ్యనే ఉన్నారు. కాబట్టి ఇది ఓట్ల కోసం పంచిపెట్టిన వరమని ఎవరైనా అంటే, ఇది మతం పేరిట వచ్చినది కాదని, వెనుకబాటుతనాన్ని పరిశీలించి వర్గాలవారీగా ఇచ్చినదని, సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలను అందులో చేర్చలేదని మనం ఓపికగా వివరించాలి.

పారిశుద్ధ్య వృత్తిలోని ముస్లిం మెహతర్ల దుస్థితి ఇంకా దయనీయం. అదే వృత్తి, అదే అంటరానితనం. అయినా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వారిని షెడ్యూల్డు కులాల్లో చేర్చదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేసిన ఆ ఉత్తర్వులో మతం నిబంధనను తొలగించాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఇంకా సిఫారసుగానే ఉన్నది.

పేరు చూసి మూసే తలుపు

అయిదవది మన పేరు. దీన్ని అపోహ అని కొట్టివేసేవారున్నారు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనాన్ని వారి ముందుంచాలి. పత్రికల్లో ప్రకటించిన ప్రైవేటు ఉద్యోగాలకు ఒకే స్థాయి అర్హతలతో దరఖాస్తులు పంపారు. తేడా అల్లా పేర్లలోనే. అగ్రవర్ణ హిందూ పేరుతో పోల్చితే దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులు, ముస్లిం పేరున్న దరఖాస్తుకు మూడింట ఒక వంతు అని తేలింది. అర్హత సమానం, పిలుపు అసమానం.

ప్రభుత్వ కొలువుల్లోనూ చిత్రం ఆశాజనకంగా లేదు. సచార్ కమిటీ లెక్కల్లో ఐఏఎస్‌లో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. రైల్వేలో 4.5 శాతం, అందులోనూ నూటికి 98 మందికి పైగా కింది స్థాయి ఉద్యోగులే. రాజ్యాంగంలోని 16వ అధికరణ ప్రభుత్వోద్యోగాల్లో మత వివక్షను నిషేధించింది. ప్రైవేటు యజమాని వివక్ష చూపితే ఫిర్యాదు చేసుకొనే చోటు లేదు. అందుకే సమాన అవకాశాల కమిషను కావాలని సచార్ కమిటీ సూచించింది. మాధవ మీనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం 2008లో దానికి ముసాయిదా కూడా సిద్ధం చేసి ఇచ్చింది. ఆ కమిషను మాత్రం ఏర్పడలేదు. ఇది ముస్లింల కోసమే అడిగేది కాదు. దళితుడు, గిరిజనుడు, వికలాంగుడు, స్త్రీ, ఎవరికి అన్యాయం జరిగినా తలుపు తట్టగల చోటది.

ఇంటి లోపలి కార్మికురాలు

మన సోదరీమణుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ముస్లిం మహిళా శ్రామికుల్లో 70 శాతం ఇంటి వద్దనే పని చేస్తున్నారని, మొత్తం మహిళా శ్రామికుల్లో ఇది 51 శాతమని సచార్ నివేదిక పేర్కొంది. లాడ్ బజారు లక్క గాజులు ప్రపంచమంతటా పేరు పొందాయి, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గాజు మీద అద్దపు బిళ్ల అతికించే స్త్రీకి డజనుకు ఇంత అని మధ్యవర్తి నిర్ణయించిన కూలే దిక్కు. ఆమె ఎవరి ఉద్యోగి అని అడిగితే సమాధానం లేదు. కార్మికురాలిగా నమోదు కాని ఆమెకు ప్రసూతి సెలవు లేదు, పెన్షను లేదు. 2021లో ప్రారంభమైన ఈ-శ్రమ్ పోర్టలులో నమోదు కావడం మొదటి మెట్టు. కలిసి సంఘంగా ఏర్పడి ముడిసరుకు తామే కొనుక్కోవడం రెండవ మెట్టు.

గల్ఫు దారి గురించి ఒక మాట. ఇక్కడ పని దొరకనివాడు అక్కడికి వెళ్తాడు. పదవ తరగతి పాసుకానివారి పాస్‌పోర్టుకు వలస అనుమతి అవసరమనే ముద్ర పడుతుంది. లైసెన్సు ఉన్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ మించి సేవా రుసుము తీసుకోకూడదన్నది నిబంధన. అంతకు మించి అడిగినా, విజిట్ వీసా మీద పంపుతానన్నా అతడు మోసగాడని గుర్తించండి. ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లినవాడు అకామా లేక అక్కడ దాక్కుంటే, ఇక్కడ వడ్డీ దాక్కోదు.

మనం చేయవలసినవి

సోదరులారా! రాజ్యాంగంలోని 39వ, 41వ అధికరణలు తగిన జీవనోపాధిని, పని హక్కును రాజ్యం ముందు లక్ష్యాలుగా ఉంచాయి. కాబట్టి మనం అడిగేది భిక్ష కాదు. దూది ఏకే వృత్తికి విశ్వకర్మ పథకంలో చోటు, షెడ్లలో పని నేర్చినవారికి వారి వీధిలోనే సర్టిఫికెట్టు పరీక్ష, ఖాళీగా ఉన్న ఉర్దూ పోస్టుల భర్తీ, నిలిచిపోయిన ఉపకార వేతనాల పునరుద్ధరణ, పట్టణ పేదకు ఉపాధి హామీ, సమాన అవకాశాల కమిషను. ఈ ఆరు కోరికలను ప్రతి ప్రజాప్రతినిధికి రాతపూర్వకంగా అందజేయాలి.

ప్రభుత్వం కదిలేదాకా చేతులు కట్టుకొని కూర్చోవలసిన పని లేదు. ప్రతి మసీదు కమిటీ జుమా నమాజు తరువాత ఒక బల్ల, ఒక కంప్యూటరు, చదువుకున్న ఇద్దరు యువకులను కూర్చోబెట్టగలదు. పేర్ల తప్పులు దిద్దించడం, కుల పత్రానికి దరఖాస్తు చేయించడం, నోటిఫికేషన్లు చదివి వినిపించడం వారి పని. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డలకు బడిలో చేరడానికైనా, ప్రభుత్వోద్యోగానికైనా జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే రుసుము లేదు. బిడ్డ చెవిలో అజాన్ చెప్పిన వారంలోనే ఈ నమోదు కూడా పూర్తి చేయించండి.

రమజానులో మనం ఇచ్చే జకాత్ ఎక్కువగా చీరలుగా, బియ్యం సంచులుగా పంపిణీ అవుతున్నది. అన్నం అవసరమే. కాని ఆ ఉదంతంలో ఒక దిర్హము అన్నానికి, ఒక దిర్హము గొడ్డలికి వెళ్లిందని మరచిపోకండి. బస్తీలో వసూలైన జకాత్‌లో సగాన్ని అర్హులైన పేదలకు కుట్టు యంత్రంగా, వెల్డింగ్ పరికరంగా, పోటీ పరీక్షకు సిద్ధమయ్యే పేద విద్యార్థికి ఆరు నెలల భోజనంగా అందించడానికి ఉలమాలను సంప్రదించి ఒక నిర్ణయం తీసుకోండి. పొందినవారి పేర్లు బయటపెట్టకుండా, లెక్కలు మాత్రం బయటపెట్టండి.

చివరగా ఈ సభలో ఉన్న యజమానులకు, ఉస్తాద్‌లకు ఒక విన్నపం. మీ షెడ్డులో, మీ దుకాణంలో పద్నాలుగేళ్ల లోపు పిల్లవాడు ఉంటే రేపే అతణ్ణి బడికి పంపండి. అంతకన్నా పెద్దవాడైతే ఓపెన్ స్కూలులో పదవ తరగతికి ఫీజు కట్టండి. పరీక్షల నెలలో అతని కూలి కోయకండి. ఇందుకు జీవో అవసరం లేదు, కోర్టు తీర్పు అవసరం లేదు. ఈ రోజు ఈ సభ నుండి వెళ్లేముందు గుమ్మం దగ్గరున్న పుస్తకంలో మీ పేరు, మీరు చదివించబోయే పిల్లల సంఖ్య రాసి వెళ్లండి. వచ్చే ఏడాది ఇదే నెలలో మళ్లీ కూర్చొని ఆ లెక్క సరిచూసుకుందాం.

 అల్లాహ్ మన ప్రయత్నాలను ఫలింపజేయుగాక! ఆమీన్.